పొద నల్లంచి

మన డెల్టా పల్లెల్లో నల్లంచి పేరు వినని పెద్దవారు అరుదు. పెరటి గోడ మీదా, గడ్డివామి మీదా తోక నిక్కించి తిరిగే చిన్న నల్లపిట్ట అది. దానికంటే కాస్త పెద్దదై, నల్లటి మేను మీద తెల్లటి పట్టీ ధరించినది పెద్ద నల్లంచి. మార్చి నెల వచ్చిందంటే కంకిపాడులో మా మదరసా ప్రహరీని ఆనుకుని ఉన్న వేపచెట్టు చిటారుకొమ్మను అది ఆక్రమిస్తుంది. ఫజ్ర్ అజాన్‌కు ముందే, చీకటి ఇంకా విడవకముందే గొంతు సవరిస్తుంది. హిఫ్జ్ చదివే పిల్లలు నిద్రమత్తు కళ్ళతో వుజూ చేసుకునేటప్పుడు మొదట వినిపించేది దాని పాటే. బంగ్లాదేశ్ ప్రజలు ఈ పక్షినే దోయెల్ అని పిలుస్తారు, దానిని తమ జాతీయ పక్షిగా ఎన్నుకున్నారు.

అయితే ఈ నెల నేను ప్రస్తావించదలచింది ఊరిలో ఉండే ఈ పక్షిని కాదు, అడవిలో ఉండే దాని దాయాదిని. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యునిగా పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయుడు భారతదేశపు పక్షులపై పెద్ద గ్రంథం రచించాడు. స్థానికులు ఏ పక్షిని ఏమని పిలుస్తారో శ్రద్ధగా నమోదు చేయడం ఆయన అలవాటు. ఈ పక్షికి తెలుగువారు వాడే రెండు పేర్లను ఆయన రాసిపెట్టాడు. పొదల్లో నివసిస్తుంది కనుక పొద నల్లంచి, తోక పొడవు కనుక తోక నల్లంచి. రెండూ చూసి పెట్టిన పేర్లే.

ఉర్దూ, హిందీ భాషలలో దీనిని శామా అంటారు. మన ఇళ్ళలో కొందరు దీనిని దీపమని అర్థమిచ్చే ‘శమా’తో కలిపి పొరబడతారు. రెండింటికీ సంబంధం లేదు. దీపం అరబీ పదం, చివర ‘ఐన్’ అక్షరం ఉంటుంది. పక్షి పేరు మాత్రం సంస్కృతంలోని ‘శ్యామ’ నుంచి వచ్చింది, అంటే నల్లనిది. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థులు కొంత నిరాశపడ్డారు. దీపం అయితే బాగుండేదని వారి ఉద్దేశం.

దాని రూపం చూద్దాం. మగపక్షి తల, మెడ, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు. వెలుతురు పడితే ఆ నలుపులో నీలిఛాయ కదులుతుంది. రొమ్ము దిగువ నుంచి పొట్టంతా దాల్చినచెక్కను పోలిన ఎర్రటి గోధుమరంగు. తోక మొదలయ్యే చోట, వీపు చివర, తెల్లటి మచ్చ. ఎగిరేటప్పుడు ఆకుపచ్చని చీకటిలో మనకు మొదట కనిపించేది ఆ తెలుపే. శరీరం బులబులి పిట్టంత, బరువు ముప్పై గ్రాముల లోపో, కాస్త అటూ ఇటూనో. కానీ ముక్కు నుంచి తోక కొస వరకు కొలిస్తే 25 సెంటీమీటర్లు దాటవచ్చు. అందులో దాదాపు సగం, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ, తోకదే. తోక నడిమి ఈకలు నలుపు, పక్క ఈకలు తెలుపు. ఆడపక్షి తోక పొట్టిది. మగపక్షి నలుపు ఉన్న చోట దానికి బూడిద కలిసిన గోధుమరంగు ఉంటుంది. గుడ్లపై కూర్చునే తల్లికి శత్రువు కంట పడని రంగును ఇచ్చిన సృష్టికర్త వివేకాన్ని ఇక్కడ గమనించవచ్చు.

దీని నివాసం దట్టమైన అడవి. చెట్ల శిఖరాలు దీనికి పట్టవు. కింది అంతస్తు, అంటే వెదురు పొదలు, వాగుల ఒడ్డున అల్లుకున్న తుప్పలు, ఆకులు రాలి కుళ్ళి మెత్తబడిన నేల, అక్కడే దీని జీవితమంతా గడుస్తుంది. రాలిన ఆకుల మధ్య గెంతుతూ చీమలను, గొంగళిపురుగులను, వానపాములను, మిడతలను ఏరుకుంటుంది. అప్పుడప్పుడు చిన్న పండ్లు తింటుంది. పడమటి కనుమలలో, హిమాలయ పాదాల అడవుల్లో, ఈశాన్య రాష్ట్రాలలో, అక్కడి నుంచి మలయా, ఇండోనేషియా ద్వీపాల వరకు ఇది వ్యాపించి ఉంది. మన వైపు దీనిని చూడాలంటే గోదావరి దాటి తూర్పు కనుమలలోకి వెళ్ళాలి. పాపికొండలు, మారేడుమిల్లి ప్రాంతపు లోయలు దీనికి తగిన చోట్లు. కృష్ణా డెల్టాలో ఇది లేదు. వరిచేలు, చెరకు, అరటి, పసుపు మనకు బరకత్తే గాని, ఈ పక్షికి కావలసిన నీడ వాటిలో లేదు.

ఇది మహా బిడియం గల జీవి. మనిషి అలికిడి వింటే ‘టక్ టక్’ మని హెచ్చరించి పొదలోకి జారుకుంటుంది. కొమ్మ మీద వాలిన ప్రతిసారీ తోకను ఒక్క ఊపున పైకెత్తి మెల్లగా దించుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు గూడు కాలం. చెట్టు తొర్రలో గాని, విరిగిన వెదురు మొదట్లో గాని ఎండుటాకులు, వేరుపీచు పేర్చి ఆడపక్షి ఒక్కతే గూడు కడుతుంది. పొదిగేదీ అదే. పిల్లలు వెలువడ్డాక తండ్రి కూడా మేత మోస్తాడు.

ఇక పాట. దీనిని గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద నల్లంచి పాట ఈల వేసినట్లు స్పష్టంగా, చిన్న చిన్న వాక్యాలుగా సాగుతుంది. పొద నల్లంచి పాట అలా కాదు. లోతైన గొంతుతో మొదలై, ఒక వరుస చెప్పి, ఆగి, అదే వరుసను కొద్దిగా మార్చి మళ్ళీ చెబుతుంది. నడుమ ఇతర పక్షుల కూతలను అనుకరించి కలుపుతుంది. తెల్లవారుజామున పాడుతుంది, మధ్యాహ్నం మౌనం వహిస్తుంది. సూర్యుడు అస్తమించి తక్కిన పక్షులన్నీ గూళ్ళు చేరాక మళ్ళీ అందుకుంటుంది. కొన్నేళ్ళ క్రితం బంధువులతో కలిసి భద్రాచలం వైపు ప్రయాణిస్తూ మారేడుమిల్లి దాటాక ఒక వాగు పక్కన మగ్రిబ్ నమాజుకు ఆగాము. సలాం తిప్పేసరికి అవతలి వెదురు పొదలో నుంచి ఈ పాట వినిపించింది. పక్షి కనిపించలేదు. సున్నత్ నమాజు పూర్తయ్యే వరకు అది ఆపలేదు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నూర్ సూరా 41వ ఆయతు, రెక్కలు చాచి ఎగిరే పక్షులు సైతం అల్లాహ్‌ను స్తుతిస్తాయనీ, వాటిలో ప్రతిదానికీ తన ప్రార్థన, తన తస్బీహ్ తెలుసుననీ మనకు తెలియజేస్తుంది. సబా సూరా 10వ ఆయతులో హజ్రత్ దావూద్ (అలై)తో పాటు స్తుతించమని పర్వతాలకూ పక్షులకూ ఆజ్ఞ అయిన ప్రస్తావన ఉంది. ఈ ఆయతులు పఠించేటప్పుడు మనసులో ఏదో ఒక నిజమైన పక్షి మెదలాలని నేను విద్యార్థులకు చెబుతుంటాను. పేరు తెలియని పక్షి, రూపం తెలియని పక్షి మెదలదు.

ఆ పాటే ఈ పక్షికి పంజరాన్ని తెచ్చిపెట్టింది. చరిత్రలో తొలిసారి యంత్రంలో నమోదైన పక్షి పాట దీనిదేనని ప్రసిద్ధి. 1889లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ళ బాలుడు, ఎడిసన్ కనిపెట్టిన మైనపు గొట్టాల యంత్రంలో, తన ఇంట్లోని శామా పాటను బంధించాడు. అంటే ఆనాటికే ఆసియా అడవుల పక్షి సముద్రాలు దాటి ఐరోపా ఇళ్ళలో పంజరాలలో ఉంది. మన దేశంలోనూ నవాబుల దేవిడీలలో మొదలుకొని సామాన్యుల వసారాల వరకు బట్ట కప్పిన పంజరంలో శామాను పెంచడం ఒక ముచ్చటగా సాగింది. ముస్లిం కుటుంబాలు ఇందులో వెనుకబడలేదు. ఆ మాట దాచవలసిన పని లేదు.

ఉయ్యూరు వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నన్ను ఈ విషయం మీదికి మళ్ళించింది. ఆమె మామగారు జీవితమంతా అరటి, పసుపు తోటల్లో కూలి చేసిన మనిషి. రెండేళ్ళుగా చూపు లేదు, మంచం విడిచి కదలరు. దూరపు నగరం నుంచి వచ్చిన ఒక బంధువు ఆయన కాలక్షేపానికి శామాను కొని తెచ్చి ఇచ్చాడు. ఉదయం సాయంత్రం దాని పాట వింటూ ఆయన ముఖం వికసిస్తోందట. ఇంతలో ఇంటికి వచ్చిన ఒకరు పక్షిని బంధించడం హరామ్ అన్నారు. మరొకరు అది సహాబాల ఇళ్ళలోనే ఉన్న అలవాటు అన్నారు. “మామగారి సంతోషం తీసివేయాలా, పాపం మోయాలా?” అని ఆమె ప్రశ్న.

తేలికైన ప్రశ్న కాదు. సహాబాల ఇంటి మాట అన్నవారికి ఆధారం ఉంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పసివాడికి నుగర్ అనే చిన్న పిట్ట ఉండేది. అది చనిపోతే పిల్లవాడు దిగులుగా కూర్చున్నాడు. వారి ఇంటికి వచ్చిన దైవప్రవక్త (స), పిల్లవాడి పేరుకూ పిట్ట పేరుకూ ప్రాస కలిపి, ఏమైందంటూ లాలనగా పలకరించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు. షాఫిఈ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచే అరవై పాఠాలు తీసి ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఇబ్ను హజర్ (రహ్మ) తమ ‘ఫత్‌హుల్ బారీ’లో వాటి సారాన్ని పొందుపరిచారు. మేత, నీరు లోపం లేకుండా చూసుకుంటే పక్షిని ఉంచుకోవడం అనుమతించబడినదే అన్నది అందులో ఒకటి. ఇమాం ఖఫ్ఫాల్‌ను పాట వినడానికి పంజరంలో పెట్టే పక్షుల గురించి అడిగినప్పుడు, యజమాని దాని అవసరాలు తీరిస్తే కట్టివేసిన పశువు వంటిదే కనుక దోషం లేదన్నారు. హంబలీ పండితులలో కొందరు మాత్రం కేవలం పాట కోసం పక్షిని బంధించడాన్ని మెచ్చుకోలేదు.

కనుక పంజరం అనగానే హరామ్ అని తీర్పు చెప్పడం తొందరపాటు. అలాగే ‘ఫుఖహాలు అనుమతించారు’ అని చేతులు దులుపుకోవడమూ తొందరపాటే. అనుమతి వెంట షరతు ఉంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిననీయక చంపిన స్త్రీ నరకానికి పోయిన హదీసు మనందరికీ తెలుసు. ఆ షరతు ఎంత బరువైనదో అది చెబుతుంది. షరతు తీరిందో లేదో తెలియాలంటే ముందు ఆ జీవి ఏమిటో తెలియాలి.

కట్టుకొయ్యకు కట్టిన మేక మనిషి చేతుల్లో పుట్టింది. దాని తల్లీ, తల్లి తల్లీ మనిషి చేతుల్లోనే పుట్టాయి. పొద నల్లంచి సంగతి వేరు. మగపక్షి పాడేది మన చెవుల కోసం కాదు. అడవిలో దానికంటూ ఒక జాగా ఉంటుంది. ‘ఇది నాది, లోపలికి రావద్దు’ అని మరో మగపక్షికీ, ‘ఇక్కడున్నాను, రా’ అని జోడుకూ ఒకే గొంతుతో చెప్పే మాట ఆ పాట. పంజరంలోనూ అది అదే చెబుతుంది. వచ్చే జోడు ఉండదు, కాచుకునే జాగా ఉండదు. అందుకే విసుగు లేకుండా పాడుతుంది, మనం ఆనందిస్తోందని అనుకుంటాము. పంజరంలోని పక్షి తస్బీహ్ మానుతుందని నేను అనను, అది అల్లాహ్‌కు, ఆ పక్షికి మధ్య విషయం. కానీ మేత, నీరు ఇచ్చినంత మాత్రాన దాని అవసరాలన్నీ తీరాయని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

ఇక అది పంజరం దాకా వచ్చిన దారి. ఈ పక్షి బజారులో పుట్టదు. దాని అభిమానాన్నే వేటగాడు ఎరగా వాడతాడు. మరో మగపక్షి పాటను వినిపిస్తే, తన జాగాలోకి ఎవరో చొరబడ్డారని అది దూసుకువస్తుంది. అక్కడ వలో, బంక పూసిన పుల్లో సిద్ధంగా ఉంటుంది. బెదిరి, ఈకలు ఊడి, తిండి ముట్టక దారిలోనే చచ్చేవి ఎన్నో. గూడు కాలంలో పట్టుబడితే, తొర్రలో మేత కోసం నోళ్ళు తెరిచే పిల్లల మాట ఎవరూ అడగరు. అబూదావూద్‌లో హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు గుర్తు చేసుకోండి. ప్రయాణంలో సహాబాలు ఒక చిన్న పక్షి పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లి వచ్చి నేలకు దగ్గరగా రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, దీని పిల్లలను తీసి దీనిని బాధపెట్టినది ఎవరని విచారించి, వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారు. అబూ ఉమైర్ హదీసు చదివేవారు ఈ హదీసును కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

చట్టం మాట కూడా ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత, అడవి నుంచి పట్టిన దేశీయ పక్షుల వ్యాపారానికి తావు లేదు. శామాకే కాదు, మన ఇళ్ళలో మామూలైపోయిన రామచిలుకకూ ఇది వర్తిస్తుంది. షరీఅత్‌కు విరుద్ధం కాని, ప్రజాహితానికి చేసిన చట్టాన్ని పాటించడం ముస్లిం బాధ్యత. చట్టం తప్పి అమ్మేవాని దగ్గర కొనడం అల్ మాయిదా సూరా 2వ ఆయతు వారించిన సహకారం కిందికే వస్తుంది. విజయవాడ దుకాణాల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిలుకల సంగతి వేరు. అవి ఆస్ట్రేలియా జాతివి, తరతరాలుగా పంజరాలలోనే పుట్టి పెరిగినవి. ఖఫ్ఫాల్ చెప్పిన పోలిక వాటికి కొంతవరకు సరిపోతుంది.

మన అడవుల్లో పొద నల్లంచి ఇంకా అరుదైన పక్షి కాదు. ‘ఒక్కటి తెచ్చుకుంటే ఏమవుతుంది’ అనేవారు ప్రపంచంలోనే అత్యధిక ముస్లింలున్న ఇండోనేషియా వైపు చూడాలి. అక్కడ ఇదే పక్షిని మురాయ్ బాతు అంటారు. పాటల పోటీలు, బహుమతులు, పందెపు మోజు కలిసి దానికి పెద్ద ధర కట్టాయి. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం జావా ద్వీపంలోని ఇళ్ళలో మూడో వంతు పక్షులను పెంచుతాయి. ఆ పంజరాలలోని పక్షుల సంఖ్య 6.6 కోట్ల నుంచి 8.4 కోట్ల వరకు ఉంటుందని అంచనా. అక్కడ ఎన్నో అడవులలో ఈ పాట వినిపించడం మానేసింది. చివరికి 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశంలో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం శామా వ్యాపారాన్ని తన నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

అదే ఇండోనేషియాలో ఉలమాలు చూస్తూ ఊరుకోలేదు. ఆ దేశపు ఉలమా మండలి 2014లో నాలుగో నంబరు ఫత్వా జారీ చేసింది. అంతరించే ప్రమాదంలో ఉన్న వన్యప్రాణులను అక్రమంగా వేటాడటం, వాటితో వ్యాపారం చేయడం హరామ్ అని అందులో స్పష్టం చేసింది. అన్ఆమ్ సూరా 38వ ఆయతులో అల్లాహ్ పక్షులను మనవంటి ‘ఉమమ్’ అన్నాడు. ఉమ్మత్ అనే మాటకు బహువచనం అది. మన గురించి మనం ఎంత గర్వంగా వాడుకునే మాటో ఆలోచించండి. మన జుమా ప్రసంగాలలో ఈ ఆయతు ఎన్నిసార్లు వినిపించిందో ఖతీబులు తామే లెక్క చూసుకోవాలి.

సోదరికి నా జవాబు ఇది. మీ బంధువు ప్రేమతో చేసిన పనిని మామగారి ముందు నిందించకండి. ఆ పక్షి గురించి పైన రాసినదంతా ఆయనకు చదివి వినిపించండి. తోటల్లో బతికిన మనిషి కనుక మనకంటే ఆయనకే బాగా అర్థమవుతుంది. పక్షిని మాత్రం ఉంచుకోవద్దు. అలాగని పుణ్యమనుకుని పంజరం తలుపు తీసి మీ వాకిట్లో వదలకండి. మన అరటితోటల్లో దానికి పొద లేదు, చేతి మేతకు అలవాటుపడిన దాని ప్రాణం కాకికో పిల్లికో పోతుంది. కొని తెచ్చిన ఆ బంధువునే వెంట తీసుకుని సమీపంలోని అటవీశాఖ కార్యాలయానికి వెళ్ళి, జరిగినది జరిగినట్లు చెప్పి అప్పగించండి. ఎక్కడ, ఎలా వదలాలో వారికి తెలుసు. భయపడి దాచుకోవడం కంటే ముందుగా చెప్పడం మేలు.

ఇక మామగారి ఉదయాల మాట. ఆయన మంచాన్ని పెరటి వైపు వసారాలోకి మార్చండి. చెట్టు నీడన వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీరు పోసి, రోజూ మార్చండి. చెట్టు కింద రాలిన ఆకులను కొంత మేర ఊడ్చకుండా వదిలేయండి, పురుగుల మందు కొట్టకండి. పిల్లి అందుకోలేని ఎత్తులో, గోడకో కొమ్మకో, ఒక పాత కుండను పక్కకు వంచి గట్టిగా కట్టండి. పెద్ద నల్లంచి గోడ రంధ్రాలలో, పాత గొట్టాలలో, ఇటువంటి కుండలలో గూడు పెట్టే పక్షి. ఫిబ్రవరి దాటకముందే కట్టాలి. ఆ ఏడాది రాకపోతే మరుసటి ఏడాది రావచ్చు, కుండ విప్పేయకండి. వస్తే, ఫజ్ర్‌కు ముందు మామగారిని ఎవరూ లేపవలసిన పని ఉండదు. నీలిఛాయ మీద గోధుమరంగు చుక్కలున్న గుడ్లు నాలుగో అయిదో ఉంటాయి. చూస్తామని మనవలు ఎగబడతారు కనుక ఆ మూడు నాలుగు వారాలు నిచ్చెన ఎక్కడైనా దాచి ఉంచండి.